మార్టినీ–హెన్రీ రైఫిల్ మీద దేవనాగరి అక్షరాలు: ఇది సిపాయి పేరా, పటాలం పేరా?

ప్లేనో వాసి:

అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాను. మా సొంతూరు తెనాలి దగ్గర. పాత సైనిక తుపాకుల విషయం నాకు కొత్త కాబట్టి, నా ప్రశ్నలో ఏ మాటనైనా పొరపాటుగా వాడి ఉంటే సరిదిద్దమని ముందుగానే కోరుతున్నాను.

పోయిన శీతకాలంలో ఇక్కడి పాత వస్తువుల సంతలో ఒక మార్టినీ–హెన్రీ రైఫిల్, అంటే పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ సైనిక తుపాకి, కొన్నాను. నేపాల్ నుంచి వచ్చిన సరుకులోదని, దాని మీద ఒక సిపాయి పేరు కూడా చెక్కి ఉందని అమ్మినాయన చెప్పాడు. దానితో పాటు ఇచ్చిన అట్టముక్క మీద ‘నంబరు 983, సైనికుడి పేరు చెక్కినది’ అని రాసి ఉంది. ఆ మాటే నన్ను ఆకట్టుకుంది. ఎవరో ఒక మనిషి దీన్ని భుజాన మోశాడు, అతని పేరు ఇంకా దీని మీద ఉంది అనిపించి, ధర కాస్త ఎక్కువే అయినా తీసుకున్నాను.

ఇప్పుడు దాని మీద నాకు కనిపించిన గుర్తులన్నీ చెబుతాను. రిసీవర్ (తుపాకి నడుమ ఉండే లోహపు పెట్టె) కుడి పక్కన కిరీటం, దాని కింద వి.ఆర్. అనే అక్షరాలు, ఆ కింద ఎన్‌ఫీల్డ్ అనే పేరు, 1878, రోమన్ అంకెల్లో రెండు, చివర ఒకటి అనే అంకె ఉన్నాయి. వాటికి దగ్గరలోనే బాణపు ములికి ఆకారం, దానితో పాటు డబ్ల్యూ, డి అనే అక్షరాలు కనిపిస్తున్నాయి. అక్కడికి కొంచెం ఎడంగా రెండు బాణపు ములుకులు మొనకు మొన తాకుతూ ఎదురెదురుగా ఉన్నాయి. ఎడమ పక్కన దేవనాగరి అంకెలు మూడు ఉన్నాయి. అట్టముక్క మీద 983 అని రాసింది వీటినే చూసి అనుకుంటాను, ఎందుకంటే అవే మూడు గుర్తులు, తూటా పెట్టే చోటును తెరిచే లీవర్ మీద కూడా ఉన్నాయి. తుపాకి మడమకు, అంటే భుజానికి ఆనించే చివరకు, బిగించిన ఇనుప పలక పైకి వంగిన చోట ఇంగ్లీషు అంకెల్లో 213 అని ఉంది. దాని పైవరుసలో కూడా ఒకప్పుడు ఏదో ఉండేదని ఆకురాయితో అరగదీసిన గీతలను బట్టి తెలుస్తున్నది కానీ, ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

ఇక అసలు విషయం మడమ చెక్క మీద ఉంది. కుడి పక్కన దేవనాగరిలో ‘శ్రీనా’ వరకు స్పష్టంగా కనిపిస్తున్నది. మూడో అక్షరంలో నిలువు గీత మాత్రమే నిలిచి, ఎడమ భాగం అరిగిపోయింది. బడిలో రెండో భాషగా హిందీ చదువుకున్నాను కాబట్టి నేను దాన్ని శ్రీనాథ్ అని చదివాను. మా ఆవిడ మాత్రం అది ‘నాయక్’ అనే హోదాలో మొదటి భాగం కావచ్చునని అంటున్నది. ఇవి కాక, ట్రిగ్గర్ గార్డుకు పక్కన చెక్క అడుగు భాగంలో చిన్న త్రిశూలం, మూడు గాట్లు ఉన్నాయి.

శ్రీనాథ్ అనేవాడు ఎవరో తెలుసుకునే దారి ఉందా? 1878 అని ఉంది కాబట్టి ఇది 1879లో దక్షిణాఫ్రికాలో జరిగిన జూలూ యుద్ధంలో వాడినదై ఉండవచ్చునా? దేవనాగరి అక్షరాలున్నాయంటే బ్రిటిష్ ఇండియా సైన్యంలోని గూర్ఖా రెజిమెంటుదని అనుకోవచ్చునా? గుర్తులు ఇంకా బాగా కనిపించాలంటే వైర్ బ్రష్షుతో రుద్దవచ్చునా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

బర్మింగ్‌హామ్ వైద్యుడు:

ప్లేనో వాసి గారూ, ముందు చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆలస్యమైతే నష్టం జరుగుతుంది. వైర్ బ్రష్షు, ఇసుక కాగితం, మెరుగు పెట్టే పేస్టు, వీటిలో ఏదీ దాని దగ్గరికి రానివ్వకండి. లోహం మీద వేసిన ముద్ర లోతు కొన్ని చోట్ల వెంట్రుక మందం కూడా ఉండదు. ఒక్క సాయంత్రం శ్రద్ధగా రుద్దితే 140 ఏళ్లు నిలిచిన అక్షరం పోతుంది. గట్టిపడిన గ్రీజు ఉంటే మెత్తటి గుడ్డను కిరసనాయిలులో తడిపి కాసేపు అద్ది ఉంచి, నానిన తర్వాత పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా తీయండి. అక్షరాల గాడిలో ఇరుక్కున్న మురికికి పళ్లు కుట్టుకునే పుల్ల చాలు. ఇదంతా లోహానికే. చెక్కను మాత్రం పొడి గుడ్డతో తుడిచి వదిలేయండి.

ఇక గుర్తుల విషయం. వాటిని ఒక పేజీ మీద రాసిన వాక్యంలాగా చదవకూడదు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క చేతి కింద పడినది కాబట్టి, ఏది ముందు పడింది, ఏది తర్వాత పడింది అన్న వరుస కుదిరితేనే యజమానుల వరుస తెలుస్తుంది. మీ రైఫిల్‌లో ఆ వరుస చాలా చక్కగా నిలిచి ఉంది.

మొదటి పొర తయారీది. వి.ఆర్. అంటే విక్టోరియా రెజీనా, అంటే విక్టోరియా రాణి. ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం. 1878 తయారైన సంవత్సరం. రోమన్ రెండు దాని నమూనా సంఖ్య, చివరి ఒకటి అది మొదటి తరగతి ఆయుధమని తెలిపే అంకె. ఇదే తుపాకిని బర్మింగ్‌హామ్‌లో బీఎస్ఏ, లండన్‌లో ఎల్ఎస్ఏ వంటి ప్రైవేటు సంస్థలు కూడా తయారు చేశాయి కాబట్టి, ఎన్‌ఫీల్డ్ అన్న పేరు ఊరికే అలంకారానికి వేసినది కాదు. అయితే ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఖైబర్ కనుమ ప్రాంతంలోని కమ్మరులు చేతితో చేసిన నకళ్ల మీద కూడా ఈ కిరీటం, ఈ పేరు ఉంటాయి. అక్షరం చదవడం రాని పనివాడు చూసి చెక్కడం వల్ల ఎన్ అక్షరం అద్దంలో చూసినట్లు తిరగబడి ఉండడమో, 1901లో చనిపోయిన రాణి పేరు పక్కన 1906 వంటి సంవత్సరం ఉండడమో వాటిలో తరచుగా కనిపిస్తుంది. మీ దాని మీద అక్షరాలు సమమైన లోతుతో, సరైన వరుసలో ఉంటే ఆ అనుమానం అక్కర్లేదు. రిసీవర్ లోపలి భాగాల మీద చిన్న కిరీటం, దాని కింద ఒక అంకె, ఇ అనే అక్షరం ఉన్నాయేమో చూడండి. ఆ ఇ ఎన్‌ఫీల్డ్ తనిఖీదారుది.

రెండో పొర బ్రిటిష్ ప్రభుత్వపు యాజమాన్యానిది. బాణపు ములికి ప్రభుత్వ ఆస్తి అని తెలిపే గుర్తు. డబ్ల్యూ, డి అంటే వార్ డిపార్ట్‌మెంట్, అంటే యుద్ధ శాఖ. ఇదే ములికి తర్వాతి కాలంలో ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క వేషం వేసింది. కెనడాలో సి అక్షరం కడుపులోను, ఆస్ట్రేలియాలో రెండు డిల నడుమ, న్యూజీలాండ్‌లో ఎన్, జెడ్‌ల నడుమ, దక్షిణాఫ్రికాలో యు లోపల, భారత ప్రభుత్వపు ఆయుధాల మీద ఐ అక్షరంతోను కనిపిస్తుంది. మీ రైఫిల్ మీద వీటిలో ఏదీ లేదు.

మూడో పొర ఆ మొనకు మొన తాకే రెండు ములుకులు. ఆయుధాన్ని సైన్యపు లెక్కలోంచి తీసేసి బయటికి ఇచ్చారని అర్థం. ఇది పడిన తర్వాత అది రాణి గారి ఆస్తి కాదు. కాబట్టి దేవనాగరి అక్షరాలు దీని తర్వాతివి అనుకోవడమే సబబు.

నేపాల్ రాణాల (వంశపారంపర్య ప్రధానమంత్రుల) పాలనలో ఉన్న ఆ కాలంలో, ముఖ్యంగా 1885లో రాణా బీర్ షంషేర్ అధికారంలోకి వచ్చిన తర్వాత, గూర్ఖాల భర్తీకి సహకరించినందుకు ప్రతిగా బ్రిటిష్ వారి నుంచి ఆయుధాలు కాఠ్మాండూకు చేరాయి. అవి కాలం చెల్లిన తర్వాత కూడా పారవేయకుండా ‘లగన్ సిలేఖానా’ అనే పాత భవనంలో పేర్చి ఉంచారు. సిలేఖానా అంటే ఆయుధశాల. 2003లో రెండు అమెరికన్ సంస్థలు కలిసి ఆ సరుకు మొత్తాన్ని కొని తరలించాయి. మీ రైఫిల్ నేపాల్ నుంచి వచ్చిందన్న మాట అందువల్ల నమ్మదగినదే. అదే నిల్వలో ‘గహేంద్ర’ రైఫిళ్లు కూడా ఉన్నాయి. బీర్ షంషేర్ కుమారుడు గహేంద్ర షంషేర్ రూపకల్పనతో నేపాల్‌లోనే చేతితో చేసిన ఆ రైఫిల్ పైకి అచ్చం మార్టినీలా ఉంటుంది కానీ లోపలి యంత్రాంగం వేరు. మీ దాని మీద ఎన్‌ఫీల్డ్ ముద్ర ఉంది కాబట్టి అది గహేంద్ర కాదు.

అందువల్ల గూర్ఖా రెజిమెంటు అన్న ఊహను విడిచిపెట్టండి. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని గూర్ఖా రెజిమెంట్లు తమ గుర్తులను ఇంగ్లీషు అక్షరాల్లో, అంకెల్లో వేయించుకునేవి. నేపాల్ సరుకులో దేవనాగరి కనిపించిందంటే అది నేపాల్ రాజ్యపు సొంత సైన్యానిది. పుట్టిన ఊళ్లు ఒకటే అయినా యజమానులు వేరు.

జూలూ యుద్ధం గురించి కూడా నిక్కచ్చిగా చెప్పాలి. ఆ యుద్ధంలోని ఇసాండ్ల్‌వానా పోరాటం 1879 జనవరి 22న జరిగింది. 1878లో తయారైన తుపాకి అక్కడ ఉండడం కాలం దృష్ట్యా అసాధ్యం కాదు, కానీ సంవత్సరం ఒక్కటే సాక్ష్యం కాజాలదు. సాక్ష్యం కావలసింది మడమ పలక మీద అరగదీసిన ఆ పైవరుసలో ఉండేది. అక్కడ సాధారణంగా దళం పేరో సంఖ్యో ఉంటుంది, కింది వరుసలో ఆ దళంలో ఆ తుపాకికిచ్చిన వరుస సంఖ్య ఉంటుంది. మీకు మిగిలిన 213 ఆ కింది వరుస. పైవరుస పోయింది కాబట్టి ఏ బ్రిటిష్ దళమో చెప్పడానికి ఆధారం లేదు. నేను ఈ అభిరుచిలోకి వచ్చిన కొత్తలో మడమ పలక మీద 24 అన్న అంకె చూసి, ఇసాండ్ల్‌వానాలో తుడిచిపెట్టుకుపోయిన 24వ కాల్బలానిదనుకుని ఒక రైఫిల్‌కు రెట్టింపు ధర ఇచ్చాను. ఇంటికి తెచ్చి భూతద్దంతో చూస్తే దాని పైన వేరే దళం గుర్తు సన్నగా కనిపించింది. 24 అన్నది బీరువాలో దాని స్థానం మాత్రమే.

దళం గుర్తు దొరికినప్పుడు దాని రూపమే కాలాన్ని చెబుతుందన్నది ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. బ్రిటన్‌లో 1881 సంస్కరణతో కాల్బలాల సంఖ్యలు పోయి జిల్లాల పేర్లు వచ్చాయి, ఆ 24వ కాల్బలం సౌత్ వేల్స్ బోర్డరర్స్ అయింది. భారత సైన్యంలో 1903లో సర్వసేనాని కిచెనర్ సంఖ్యలు మార్చినప్పుడు మద్రాసు దళాల పాత సంఖ్యకు 60 కలిపారు. పయనీర్లంటే సైన్యానికి దారులు వేసే సిపాయిలు. 21వ మద్రాస్ పయనీర్లు 81వ పయనీర్లు అయ్యారు, 1వ మద్రాస్ పయనీర్లు 61 అయ్యారు. 1922లో అవన్నీ కలిసి 1వ మద్రాస్ పయనీర్లుగా మారి, 1933లో రద్దయ్యాయి. మన తాతల కాలపు మనుషులు పనిచేసిన దళాలవి. అందుకే ఎక్కడైనా 61, 64, 81 అంకెలతో పయనీర్ల గుర్తు కనిపిస్తే అది 1903కు, 1922కు నడుమ వేసినదని ఏ రికార్డూ తెరవకుండానే చెప్పవచ్చు.

దేవనాగరి అక్షరాల సంగతి నాకన్నా బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు, వారికి వదిలేస్తాను.

శాసన పరిశీలకురాలు, హైదరాబాద్:

నేను తుపాకుల మనిషిని కాను. రాతి శాసనాలు చదవడం నా పని. కానీ చెక్క మీదైనా రాతి మీదైనా అరిగిన అక్షరాన్ని చదివే పద్ధతి ఒకటే.

ముందు అంకెలు. ఇంగ్లీషు అంకెలకు అలవాటుపడిన కంటికి దేవనాగరి ఒకటి తొమ్మిదిలాగా కనిపిస్తుంది. పైన గుండ్రటి తల, కింద తోక ఉంటుంది కాబట్టి ఆ పొరపాటు సహజం. దేవనాగరి నాలుగు పైభాగం తెరుచుకున్న ఎనిమిదిలాగా ఉంటుంది. మూడు మాత్రం మూడులాగానే ఉంటుంది. ఆ లెక్కన మీ అట్టముక్క మీది 983 నిజానికి 143 కావాలి. రెండో అంకె పైభాగం కలిసి ఉందా, రెండు కొమ్ముల్లాగా విడిపోయి ఉందా చూడండి. విడిపోయి ఉంటే సందేహం లేదు, అది నాలుగే. ఇంకొక మాట: నేపాల్ వస్తువుల మీద నాలుగంకెల సంఖ్య కనిపించి అది సంవత్సరమే అని తేలితే, దాన్ని క్రీస్తు శకం అనుకోకండి. అక్కడ విక్రమ సంవత్ వాడుకలో ఉంది కాబట్టి 56 లేదా 57 తీసేయాలి. 1951 అని ఉంటే అది 1894–95. మీ సంఖ్య మూడంకెలది, పైగా లీవర్ మీద, రిసీవర్ మీద ఒకటే ఉంది. భాగాలు విడదీసినప్పుడు ఒకదానివి మరొకదానితో కలిసిపోకుండా వేసే సంఖ్య అలాగే ఉంటుంది.

ఇక పేరు. మూడో అక్షరం ‘థ’నా, ‘య’నా అన్నదే కదా ప్రశ్న. మీ ఆవిడ గారి అనుమానం చాలా న్యాయమైనది, ఎందుకంటే దేవనాగరి నేర్చుకునే పిల్లలు తరచుగా తడబడే జంటల్లో ఇదొకటి. రెండింటికీ కుడి వైపు నిలువు గీత ఉంటుంది, ఎడమ వైపు వంపు ఉంటుంది. తేడా తలకట్టు గీతలో ఉంది. ‘య’కు పైగీత ఎడమ నుంచి కుడి దాకా అక్షరం మొత్తాన్ని కప్పుతుంది. ‘థ’కు పైగీత నిలువు గీత మీద మాత్రమే ఉండి, ఎడమ వైపు తెగిపోయి, ఆ ఖాళీలో చిన్న చుట్ట కనిపిస్తుంది. కాబట్టి అరిగిపోయిన వంపు కోసం వెతకకండి. నిలువు గీత తలపైన ఎడమ వైపుకు గీత సాగుతున్నదా, ఆగిపోతున్నదా, అది ఒక్కటి చూడండి. అక్షరం ఎడమ భాగం పోయినా పైగీత మొదలు సాధారణంగా మిగులుతుంది.

చూసే పద్ధతి కూడా చెబుతాను. మేము రాతి మీద తడి కాగితం పరిచి, కుచ్చుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తాము. పాత చెక్క మీద నీళ్లు పోయకూడదు కాబట్టి ఆ పద్ధతి మీకు పనికిరాదు. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, ఫోను లైటును చెక్క ఉపరితలానికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేటట్లు పట్టుకోండి. లైటును గడియారం ముల్లులా మెల్లగా చుట్టూ తిప్పుతూ, ప్రతి కోణంలో ఒక ఫొటో తీయండి. ఎదురుగా వెలుగు పడినప్పుడు మాయమయ్యే గాడి, పక్క వెలుగులో నీడతో లేచి నిలబడుతుంది. ఆ తర్వాత పలుచటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిలును పడుకోబెట్టి రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్లే. అక్షరాల్లో సుద్దపొడి నింపవద్దు. ఫొటోకు బాగుంటుంది కానీ చెక్క రంధ్రాల్లో దిగితే రాదు.

అది ‘థ’ అని తేలితే, శ్రీనాథ్ ఒక మనిషి పేరు కాదని దాదాపుగా చెప్పవచ్చు. నేపాల్ సైన్యపు పాత దళాలకు పురానో గోరఖ్, కాళీబహాదుర్, దేవీదత్త, భైరవనాథ్ వంటి పేర్లుండేవి, వాటిలో శ్రీనాథ్ ఒకటి. ఆ పేర్లతో దళాలు ఇప్పటికీ ఉన్నాయి. దళాన్ని ఇప్పుడు అక్కడ ‘గణ్’ అంటారు, పాత మాట ‘పల్టన్’, మన పటాలానికి చుట్టమే. మనకు శ్రీనాథుడు అనగానే కవిసార్వభౌముడో, పక్కింటి అబ్బాయో గుర్తుకు వస్తారు కాబట్టి, మనిషి పేరనుకోవడం తెలుగువారికి మరీ సులభం. ఇంకో చిక్కు కూడా ఉంది. నేపాల్‌లో ‘శ్రీ’ తర్వాత అంకె వస్తే అది వరుస సంఖ్య కాదు. రాజుకు అయిదు శ్రీలు, రాణా ప్రధానమంత్రికి మూడు శ్రీలు గౌరవంగా వాడేవారు. మన సంస్థానాధీశుల పేర్ల ముందు ‘శ్రీశ్రీశ్రీ’ అని మూడుసార్లు రాసే చోట వాళ్లు అంకె వేసి ముగించేవారు.

విషయానికి కొంచెం పక్కది అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషు, ఫ్రెంచి వారి దగ్గర యూరపు పద్ధతిలో కవాతు నేర్చిన తొలి సిపాయిల్లో తెలుగు నేల వారు ఎక్కువమంది ఉండడం వల్ల ఉత్తరాదిన అలాంటి సిపాయిని ‘తిలంగా’ అనేవారు. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లో తిరుగుబాటు సిపాయిలు తిలంగాలే. ఆ మాట నేపాలీలోకి కూడా వెళ్లి సిపాయికి పేరయింది. మీ తుపాకిని మోసిన మనిషి తెలుగువాడు కాకపోయినా, అతన్ని తన ఊరివాళ్లు పిలిచిన మాటలో మన తెలుగు నేల పేరు ఉండి ఉండవచ్చు.

గుంటూరు న్యాయవాది:

ఒక చిన్న హెచ్చరిక. అమెరికా సమాఖ్య చట్టంలో 1898లోను, అంతకుముందు తయారైన తుపాకి పురాతన వస్తువు కింద వస్తుంది కాబట్టి మీకు అక్కడ వెసులుబాటు ఉంది. అయినా మీ రాష్ట్ర నిబంధనలు వేరుగా చూసుకోండి. ఆ వెసులుబాటు ఇక్కడికి వర్తిస్తుందనుకుని, బంధువులకు చూపించడానికైనా సరే, సామానులో పెట్టుకుని తేవద్దు. మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకి దిగుమతికి లైసెన్స్ ఉండాలి. విమానాశ్రయంలో ‘ఇది పాతది’ అన్న మాట మిమ్మల్ని కాపాడదు.

మాజీ ఆర్మరర్, శ్రీకాకుళం:

నేను 1972లో సైన్యంలో చేరి, సికింద్రాబాద్‌లో ఈఎంఈ (సైన్యపు యంత్రాల మరమ్మతు విభాగం) శిక్షణ పొంది, ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, పనిచేసి పదవీ విరమణ చేశాను. మార్టినీ–హెన్రీని చేతబట్టి పనిచేయలేదు. పాయింట్ త్రీనాట్‌త్రీ, ఎస్ఎల్ఆర్ రైఫిళ్లు మాత్రం వేల సంఖ్యలో నా చేతుల మీదుగా వెళ్లాయి. చెక్క అడుగున ఉన్న మూడు గాట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

బాబూ, గాటు కనిపించగానే ‘ఒక్కో గాటుకు ఒక్కో శత్రువు’ అని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట నమ్మకండి. రైఫిల్ సిపాయిది కాదు, సర్కారుది. దాని మీద కత్తితో గీత పెడితే తనిఖీలో దొరికిపోతాడు, శిక్ష పడుతుంది. అయినా సిపాయిలు గుర్తులు పెట్టుకుంటారు, అది నేను కళ్లారా చూశాను. ఎందుకంటే కోత్‌లో, అంటే ఆయుధాలు భద్రపరచే గదిలో, ఒకే రకం రైఫిళ్లు వరుసగా నిలబడి ఉంటాయి. ప్రతి దానికి మడమ మీద రంగుతో రాసిన బట్ నంబరు ఉంటుంది. పగటి వేళ ఆ నంబరు చూసి తీసుకుంటారు. తెల్లవారుజామున దీపం లేకుండా గార్డు మారేటప్పుడు నంబరు కనిపించదు. మా యూనిట్‌లో ఒక జవాను తన రైఫిల్ చెక్కకు అడుగున, బొటనవేలు తగిలే చోట, గుండుసూది తలంత ఇత్తడి మేకు దిగగొట్టుకున్నాడు. చీకట్లో వేలు పెట్టి తడిమి తనదేదో చెప్పేసేవాడు. ఆరు నెలల తర్వాత తనిఖీలో నేనే ఆ మేకును పట్టుకున్నాను. అతనికి శిక్ష పడింది, మేకు పీకి రంధ్రం పూడ్చవలసి వచ్చింది. నా పని నేను చేశాను కానీ, తన ఆయుధాన్ని వేలి కొసతో గుర్తుపట్టే మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

మీ గాట్లు ట్రిగ్గర్ గార్డు పక్కన అడుగు భాగంలో ఉన్నాయని రాశారు. తుపాకిని ఎత్తి పట్టుకున్నప్పుడు చేతి వేళ్లు అక్కడికి వస్తాయేమో, కళ్లు మూసుకుని ఒకసారి పట్టుకుని చూడండి. వేలికి తగిలితే అవి తడిమి గుర్తుపట్టడానికి పెట్టుకున్నవని నా అంచనా. తగలకపోతే చెక్కను లోహానికి జత కలిపే పనివాడు పెట్టుకున్న జత గుర్తులు కావచ్చు. అలాంటప్పుడు అవే మూడు గాట్లు ఎదురుగా ఉండే లోహపు భాగం మీద కూడా ఉంటాయి. త్రిశూలం మాత్రం పనివాడికి అక్కర్లేదు, అది ఎవరిదో సొంత గుర్తే.

సంఖ్యల గురించి కూడా ఒక మాట. మీ రైఫిల్ మీద 213, 143 అని రెండు సంఖ్యలు ఉండడం చూసి తికమకపడకండి. తుపాకి ఒక దళం నుంచి మరో దళానికి మారినప్పుడల్లా కొత్త యజమాని తన రిజిస్టరులో కొత్త సంఖ్య ఇస్తాడు. 213 ఇచ్చినవాడు ఇంగ్లీషు రిజిస్టరు రాశాడు, 143 ఇచ్చినవాడు దేవనాగరి రిజిస్టరు రాశాడు. లోహాన్ని ఆకురాయితో అరగదీయడం కూడా కోపంతో చేసే పని కాదు. పాత లెక్క ముగిసిందని చూపించడానికి పాత గుర్తును కొట్టివేయడమో, అరగదీయడమో చేస్తారు.

చివరగా, దీన్ని పేల్చి చూడాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. లీవర్ కిందికి దించి, లోపల తూటా లేదని చూసి, గొట్టంలో పుల్‌త్రూతో (గొట్టం శుభ్రం చేసే తాడుతో) నూనె అద్దిన చిందీ గుడ్డ లాగి, అలాగే ఉంచండి.

ప్లేనో వాసి:

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాలుగు రోజులుగా రాత్రి భోజనాల తర్వాత మా ఇంట్లో ఇదే పని. చూసినది చూసినట్లు రాస్తాను.

శాసన పరిశీలకురాలు గారు చెప్పినట్లు దీపాలార్పి, ఫోను లైటును చెక్కకు ఆనించి తిప్పాము. లైటు నేను పట్టుకున్నాను, ఫొటోలు మా అమ్మాయి తీసింది. మడమ పలక వైపు నుంచి వెలుగు పడినప్పుడు మూడో అక్షరం తల కనిపించింది. నిలువు గీత పైన కుడి వైపుకు గీత ఉంది, ఎడమ వైపుకు లేదు. అక్కడ ఖాళీ, ఆ ఖాళీలో ఆవగింజంత గుంట ఉంది. అది చుట్ట తాలూకు మిగిలిన భాగమని అనుకుంటున్నాము. పెన్సిలుతో రుద్దిన కాగితం మీద కూడా అలాగే వచ్చింది. మా ఆవిడ ఆ కాగితాన్ని కిటికీకి అంటించి చాలాసేపు చూసి, ‘నాయక్ కాదు, థకారమే’ అని ఒప్పుకున్నది. రెండో అంకె పైభాగం రెండు కొమ్ములుగా విడిపోయి ఉంది. కాబట్టి 143.

రిసీవర్ మీది ఎన్‌ఫీల్డ్ పేరులో ఎన్ తిన్నగానే ఉంది. లోపలి భాగాలు విప్పే ధైర్యం చేయలేదు. అయితే లీవర్ దించి చూస్తే, తూటా గదిని మూసే బ్లాకు పక్కన చిన్న కిరీటం, దాని కింద అంకె, ఇ అక్షరం కనిపించాయి.

గాట్ల విషయంలో పెద్దాయన చెప్పిన పరీక్ష చేశాను. కళ్లు మూసుకుని తుపాకిని నిలువుగా ఉన్నచోటు నుంచి ఎత్తి పట్టుకుంటే, నా చూపుడువేలు సరిగ్గా రెండో గాటు మీద ఆగింది. మా అమ్మాయి చేత కూడా చేయించాను, దాని వేలు మూడో గాటుకు తగిలింది. ఎదురుగా లోహం మీద గాట్లు లేవు. గాట్ల అంచులు చాలా నున్నగా అరిగి ఉన్నాయి. త్రిశూలం అంచులు మాత్రం అంతగా అరగలేదు.

శ్రీనాథ్ అనే మనిషి లేడని తెలిసినప్పుడు మొదట మనసు చివుక్కుమన్నది, దాచుకోవడం ఎందుకు. ఆ పేరు కోసమే దాన్ని కొన్నాను. కానీ ఆ గాట్ల మీద వేలు ఆగినప్పటి నుంచి ఆ లోటు అనిపించడం లేదు. అట్టముక్కను పారేయలేదు, దాని వెనక వైపు తెలుగులో ఇలా రాశాను: ‘1878, ఎన్‌ఫీల్డ్ తయారీ, రెండో నమూనా. బ్రిటిష్ దళం గుర్తు అరగదీయబడింది, అక్కడి సంఖ్య 213. ప్రభుత్వ లెక్క నుంచి తొలగించినది. నేపాల్ సైన్యం, శ్రీనాథ్ పటాలం, సంఖ్య 143. చెక్క అడుగున మూడు గాట్లు, ఒక త్రిశూలం. పెట్టినవారి పేరు లేదు.’ పెన్సిలు కాగితాన్ని మడిచి దానితో పాటు పెట్టెలో ఉంచాను.